మూడు లైఫ్‌ల ఫీజు

దారి వెంట వచ్చే బెలూన్లను కోతులతో పగలగొట్టించే ఆట బ్లూన్స్ టీడీ 6. అందులో మామూలు రౌండ్ల వరుసలో 24వ రౌండు దగ్గర చిన్న తమాషా ఒకటి జరుగుతుంది. అప్పటిదాకా దారి వెంట వచ్చిన ప్రతి బెలూన్‌నూ కోతులు పగలగొడుతూ వచ్చాయి. ఈ రౌండులో ఒక ఆకుపచ్చ బెలూన్ వస్తుంది, ఒంటి నిండా సైనికుల యూనిఫాం మీద ఉండే మచ్చలతో. అది కామో, అంటే మారువేషపు రకం. బాణాలు విసిరే డార్ట్ మంకీలు పది బారులు తీరి ఉన్నా ఒక్కటీ దాని వైపు తిరగదు. బెలూన్ తీరిగ్గా వాటి ముక్కు కిందనుంచే సాగిపోయి బయటపడుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది ఆటలో బగ్ అనిపిస్తుంది. బగ్ కాదు, ఆ కోతులకు కామోను పట్టే చూపు లేదు, అంతే.

ఇదే రౌండును ఇద్దరు కలిసి ఆడుతున్నారనుకుందాం. ఒకరికి ఈ ఆట కొట్టిన పిండి. మరొకరు నిన్ననే ఇన్‌స్టాల్ చేసుకున్నారు. సీనియర్ 22వ రౌండులోనే ఒక డార్ట్ మంకీని పెట్టి, దానికి అడుగు వరుసలో రెండు అప్‌గ్రేడ్లు కొనేస్తారు. 24లో కామో వస్తుంది, పగిలిపోతుంది. ఏదో తేడా బెలూన్ వచ్చిందన్న సంగతే కొత్తవారికి తెలియదు. ఆట గెలుస్తారు, చాట్‌లో ‘జీజీ’ (గుడ్ గేమ్) అనుకుని వెళ్లిపోతారు. వారం తర్వాత కొత్తవారు ఒంటరిగా అదే మ్యాప్ ఆడితే, అదే రౌండులో అదే బెలూన్ ఈసారి దర్జాగా వెళ్లిపోతుంది. అది వాళ్లకు బగ్‌లాగే కనిపిస్తుంది.

దారి పక్కన టవర్లు (ఇక్కడైతే కోతులు) పెట్టి, వచ్చేవాటిని ఆపే ఇలాంటి ఆటల్ని టవర్ డిఫెన్స్ అంటారు. కలిసి ఆడే టవర్ డిఫెన్స్‌లో నేర్పడం చిక్కుగా మారేది ఇక్కడే. తుపాకీ ఆటల్లో పక్కవారు ఎక్కడ తడబడుతున్నారో వెంటనే తెలిసిపోతుంది, చనిపోతే పేరు స్క్రీన్ మీద పడుతుంది. ఇక్కడ లైఫ్‌ల (బెలూన్ దాటిపోతే తగ్గే ప్రాణాల) లెక్క జట్టు మొత్తానికి ఒక్కటే. ఒకరి బలం మరొకరి లోటును కప్పేస్తుంది, కప్పేసిందన్న సంగతి కూడా ఎవరి కంటా పడదు. అందువల్ల గెలుపును చూసి ఎవరికి ఏం వచ్చిందో చెప్పలేం. నేర్పాలనుకునే సీనియర్ ముందుగా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: కొత్తవారి తప్పుల్లో వేటిని జరగనివ్వాలి, వేటిని ఆపాలి?

దీనికి ఆటలోనే లెక్క దొరుకుతుంది. మీడియం స్థాయిలో జట్టుకు 150 లైఫ్‌లు ఉంటాయి. ఆకుపచ్చ బెలూన్ లోపల నీలం, నీలం లోపల ఎరుపు, మొత్తం మూడు పొరలు. కొట్టకుండా వదిలేస్తే పోయేవి మూడు లైఫ్‌లు. నూట యాభైలో మూడు! ఇంత తక్కువ ఫీజుకు ఇంత గట్టి పాఠం ఆ ఆటలో మళ్లీ దొరకదు. దాన్ని ముందే పగలగొట్టి ఆ మూడు లైఫ్‌లూ కాపాడే సీనియర్ నిజానికి కొత్తవారి పాఠాన్ని పోగొడుతున్నట్టే.

అలాగని అన్నీ వదిలేయమని కాదు. ఇంకో నాలుగు రౌండ్లకు, 28లో, లెడ్ బెలూన్లు ఆరు వస్తాయి. సీసపు తొడుగు కాబట్టి బాణం మొన దిగదు. ఒక్కో లెడ్ లోపల రెండు నల్లవి, ఒక్కో నల్లదాని లోపల రెండు గులాబీవి, గులాబీ లోపల పసుపు, ఆకుపచ్చ, నీలం, ఎరుపు వరసగా ఒకదానిలో ఒకటి. అన్నీ కూడితే లెడ్ ఒక్కటికి 23 లైఫ్‌లు. ఆరూ దాటిపోతే 138. మీడియంలో ఆట చావుబతుకుల మధ్యకు చేరుతుంది. వంద లైఫ్‌లతో మొదలయ్యే హార్డ్‌లో అయితే అక్కడికక్కడే ఖాళీ. కాబట్టి కామోను వదలొచ్చు, లెడ్‌ను వదలకూడదు. 27వ రౌండు ముగిశాక తర్వాతి దానికి వెంటనే ప్లే నొక్కకుండా, ‘వచ్చేది సీసం. బాణాలు పనిచెయ్యవు. దేంతో కొడదాం?’ అని అడిగి ఊరుకుంటే చాలు. కొత్తవారు టవర్ల జాబితా తెరిచి చూస్తారు. అందులో బాంబులు వేసే టవర్ ఒకటి కనబడుతుంది. అది కొనాలన్న ఆలోచన వాళ్లదే అవుతుంది. సీనియర్ మాత్రం తన దగ్గర ఒక బాంబు టవర్‌కు సరిపడా డబ్బు ఖర్చు పెట్టకుండా ఉంచుకోవాలి. కొత్తవారు పొరపాటున మరో డార్ట్ మంకీ కొంటే, అప్పుడు అక్కరకొస్తుంది.

చౌక తప్పు, ఖరీదైన తప్పు అన్న ఈ తేడా ప్రతి ఆటలోనూ ఉంటుంది. అంకెలు మారతాయంతే. నేర్పేవారి అనుభవమంతా ఉపయోగపడాల్సింది ఈ తేడా పసిగట్టడంలో.

కామో దాటిపోయిన ఆ క్షణానికి మళ్లీ వద్దాం. మూడు లైఫ్‌లు పోయాయి, కొత్తవారు ఖంగు తిన్నారు. సీనియర్ వేళ్లు దురద పెడతాయి: ‘అది కామో, జీరో జీరో టూ డార్ట్ పెట్టు’ అని టైప్ చేసేయాలనిపిస్తుంది. ఆ మాట కొత్తవారికి అర్థం కూడా కాదు. ఈ ఆటలో ప్రతి కోతికీ మూడు వరుసల అప్‌గ్రేడ్లుంటాయి, ఒక్కో వరుసలో ఐదు మెట్లు. అనుభవం ఉన్నవాళ్లు వాటిని పైనుంచి కిందికి మూడు అంకెల్లో చెప్పుకుంటారు. 0-0-2 అంటే పై రెండు వరుసల్లో ఏమీ లేదు, అడుగు వరుసలో రెండు మెట్లు ఎక్కారని. మూడు వరుసల్లో రెండింటినే తెరవొచ్చు, వాటిలోనూ ఒక్కదాన్నే రెండో మెట్టు దాటించగలం. ఇదంతా తెలియని మనిషికి ఆ మూడు అంకెలు ఓటీపీలో సగంలా కనిపిస్తాయి. అలా చెప్పే బదులు ‘ఆ కోతి మీద నొక్కి, అడుగు వరుసలో ఏం రాసుందో చదువు’ అంటే సరిపోతుంది. రెండో మెట్టులో కామోను చూసే చూపు వస్తుందని అక్కడే రాసి ఉంటుంది. సొంతంగా చదివి పట్టుకున్న సమాధానం ఒక కోతి దగ్గరే ఆగిపోదు. తర్వాత ఏ టవర్ కొన్నా దానికి కామో కనబడుతుందా లేదా అని కొత్తవారు చూసుకుంటారు. చుట్టుపక్కల టవర్లన్నిటికీ ఆ చూపునిచ్చే రాడార్, మంకీ విలేజ్ అనే టవర్‌లో ఉంటుందన్న సంగతి ఇంకో పది రౌండ్లు ఆగాక చెప్పినా ఆలస్యమేమీ కాదు.

మ్యాప్ మీద ఎవరు ఎక్కడ నిలబడాలన్నది ఇంతకంటే పెద్ద విషయం. దీన్ని చాలామంది పట్టించుకోరు. శత్రువులు లోపలికి వచ్చే దగ్గర సీనియర్ గట్టి టవర్లు పెట్టుకుంటారు, ‘నువ్వు వెనక చూసుకో’ అని కొత్తవారిని బయటికి వెళ్లే దారి దగ్గర ఉంచుతారు. మర్యాదగానే కనబడుతుంది, కానీ జరిగేది వేరు. ముందు వరుసలోనే అంతా పగిలిపోతుంది. వెనక ఉన్నవారి టవర్లు ఖాళీగా ఆకాశం చూస్తుంటాయి. తాము పెట్టింది మంచిదా చెడ్డదా తెలుసుకునే అవకాశమే రాదు. డబ్బు పరంగా కూడా తేడా ఉంటుంది. బ్లూన్స్ కో-ఆప్‌లో (కలిసి ఆడే పద్ధతిలో) బెలూన్లు పగిలితే వచ్చే డబ్బు జట్టులో అందరికీ పంచుతారు కాబట్టి అక్కడ ఫర్వాలేదు. చేసిన డ్యామేజీని బట్టి డబ్బు ఇచ్చే ఆటల్లో మాత్రం వెనక నిలబడ్డ కొత్తవారు పేదవాళ్లుగానే మిగిలిపోతారు. డబ్బు లేదు కాబట్టి అప్‌గ్రేడ్ లేదు, అప్‌గ్రేడ్ లేదు కాబట్టి డ్యామేజీ లేదు.

దీన్ని తిరగెయ్యాలి. కొత్తవారు ముందు, సీనియర్ వెనక. అప్పుడు ముందు వరుసలో లీకైన ప్రతిదీ కొత్తవారి కళ్లముందే తప్పించుకుంటుంది, వెనక సీనియర్ టవర్లు దాన్ని పట్టుకుంటాయి. తప్పు కనబడుతుంది, నష్టం జరగదు. టెన్షన్ కూడా తగ్గుతుంది. సీనియర్‌కు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది: తన దాకా ఏం వచ్చిందో చూస్తే చాలు, కొత్తవారికి ఏది రాలేదో తెలిసిపోతుంది. వచ్చినవన్నీ వేగంగా పరిగెత్తే రకమా? అయితే ముందు వరుసలో కొట్టే వేగం చాలడం లేదు. లావుపాటివి ఒక్కొక్కటే వస్తున్నాయా? దెబ్బ బలం చాలడం లేదు. గుంపుగా వచ్చాయంటే ఒకేసారి చాలావాటిని తాకే టవర్ లేదన్నమాట.

టవర్‌ను ఎక్కడ పెట్టాలన్నదాన్ని అంకెలతో ఒక్కసారి చూపిస్తే తర్వాత మళ్లీ చెప్పే పనుండదు. ఒక టవర్ పరిధిలో దారి ఆరు గళ్ల మేర పడుతోందనుకుందాం. శత్రువు సెకనుకు రెండు గళ్లు నడుస్తాడు, అంటే పరిధిలో ఉండేది మూడు సెకన్లు. టవర్ అర సెకనుకొకసారి కొడితే ఆరు దెబ్బలు. అదే టవర్‌ను దారి వెనక్కి మలుపు తిరిగే చోట, రెండు పాయల నడుమ పెడితే రెండు వైపులా కలిపి దాదాపు పన్నెండు గళ్లు అందుతాయి, పన్నెండు దెబ్బలు పడతాయి. పైసా ఖర్చు లేకుండా టవర్ రెట్టింపయింది! కొత్తవారు సాధారణంగా టవర్‌ను గేటు పక్కనో, ఖాళీ ఎక్కువున్న చోటో పెడతారు. ఎందుకని అడిగితే ‘ఇక్కడ నీట్‌గా ఉంది’ అంటారు. తప్పేం లేదు, పరిధిలో దారి ఎంత పడుతుందో చూడాలని వాళ్లకింకా తెలియదు.

ఇదే లెక్కలో శత్రువు వేగాన్ని సగానికి తగ్గించే టవర్‌ను చేర్చి చూస్తే, కలిసి ఆడటంలో ఉన్న అసలు రుచి తెలుస్తుంది. నెమ్మదించిన శత్రువు మూడు సెకన్లకు బదులు ఆరు సెకన్లుంటాడు. ఆ లాభం ఆ టవర్ కొన్నవారికే కాదు, ఆ ముక్కలో టవర్లున్న అందరికీ. అయితే ‘నువ్వు స్లో టవర్లు చూసుకో’ అని మొదటి రోజే కొత్తవారికి సపోర్ట్ పని అప్పగించడం మంచి అలవాటు కాదు. సపోర్ట్ టవర్ ఫలితం ఇంకొకరి టవర్లలో కనబడుతుంది. చేసిందేమిటో, దానివల్ల ఏమైందో రెండూ కలిపి చూడటం కొత్త కంటికి కష్టం. ముందు సొంతంగా కొట్టాలి, చేతులు తిరిగాక పక్కవారికి సాయం చేయొచ్చు.

డబ్బు పంపడం గురించి కూడా ఇలాంటిదే ఒక మాట. బ్లూన్స్ కో-ఆప్‌లో తోటివారికి డబ్బు పంపే వీలుంది. సీనియర్లకు ఇది భలే ఇష్టం, పెద్ద మొత్తం పంపి ‘ఇది కొను’ అంటారు. కొన్నది కొత్తవారే, ఎంచుకున్నది సీనియర్. అంటే టవర్ ఎవరిదైనా ఆట ఒక్కరే ఆడుతున్నారు. పంపితే పంపండి, ఏం కొనాలో మాత్రం చెప్పకండి. పిచ్చిదేదో కొంటే కొననివ్వండి. అమ్మేస్తే పెట్టిన ఖర్చులో 70 శాతం వెనక్కి వస్తుంది. వెయ్యి పెట్టి తప్పు కొన్నా పోయేది మూడొందలే. ‘అమ్మొచ్చు’ అన్న ఈ ఒక్క ముక్క మొదట్లోనే చెబితే కొత్తవారి భయం సగం తగ్గుతుంది. చాలామంది డబ్బు గుట్టలా పేర్చుకుని ఖర్చు పెట్టకుండా ఓడిపోయేది, తప్పు చేస్తే దిద్దుకోలేమన్న భయంతోనే.

ఆదాయం సంగతి వేరు. రేపటి కోసం ఇవాళ ఎంత పెట్టాలన్నది మాటలతో చెబితే తలకెక్కదు. మొక్కలు నాటి జాంబీలను ఆపే ఆట ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్‌లో ఇది చక్కగా కుదిరింది: పొద్దుతిరుగుడు మొక్క ఖరీదు 50, అది ఒక్కో విడతకు 25 ఇస్తుంది. రెండు విడతలకు పెట్టుబడి వెనక్కి, మూడోది లాభం. చిన్నపిల్లలకు కూడా లెక్క అందుతుంది. పైగా మొదటి లెవెల్లో పచ్చిక ఒక్క వరుసే ఉంటుంది, పెట్టడానికి ఒక్క మొక్కే ఉంటుంది. పొద్దుతిరుగుడు ఆ తర్వాతి లెవెల్లో గానీ చేతికి రాదు. ఒక విషయం చేతికి అలవాటయ్యాకే రెండోది. ఆ ఆట రూపకర్త జార్జ్ ఫ్యాన్ 2012లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో, ఆటల అలవాటు లేని తన తల్లి కూడా ఆడగలిగేలా దాన్ని ఎలా మలిచారో చెప్పారు. అందులో ఒక నియమం: ఏ సమయంలోనూ స్క్రీన్ మీద ఎనిమిది మాటలకు మించకూడదు.

ఈ ఎనిమిది మాటల నియమాన్ని చాట్‌లో రాసే సీనియర్లందరూ గోడకు అంటించుకోవచ్చు. రౌండు నడుస్తుండగా పేరా పేరా రాస్తే చదివేవారు ఎవరు? చదవడానికి కళ్లు చాట్ వైపు తిప్పిన ఐదు సెకన్లలో దారి మీద ఏం జరిగిందో తెలియకుండా పోతుంది. రౌండు నడుస్తున్నప్పుడు ‘ఎడమ మలుపు చూడు’ అన్నంత చిన్న మాట చాలు. వేలితో చూపినట్టు గుర్తు వేసే వీలుంటే మాట కూడా అక్కర్లేదు. పెద్ద మాటలన్నీ రౌండ్ల మధ్య. ఫాస్ట్ ఫార్వర్డ్ కూడా ఇంతే. సీనియర్‌కు మొదటి ఇరవై రౌండ్లు బోరు, బటన్ నొక్కేస్తారు. కొత్తవారికి ఆ ఇరవై రౌండ్లే బడి.

వేరే టవర్ డిఫెన్స్ ఆడి వచ్చినవారి చిక్కు ఇంకో రకం. 2007లో వచ్చిన డెస్క్‌టాప్ టవర్ డిఫెన్స్‌లో దారి ముందుగా గీసి ఉండదు. ఖాళీ మైదానంలో టవర్లే గోడలవుతాయి, శత్రువులు వాటి చుట్టూ తిరిగి రావాలి, దారి పూర్తిగా మూసేయడం మాత్రం కుదరదు. దానికి అలవాటు పడ్డ చెయ్యి గీసిన దారి ఉన్న ఆటలో కూడా టవర్లతో వరుసలు కడుతుంది, అవి ఎవరినీ అడ్డుకోవు. అంతకు ముందే వార్‌క్రాఫ్ట్ 3 అనే యుద్ధపు ఆట అభిమానులు తయారు చేసిన మ్యాపుల్లో కలిసి ఆడే టవర్ డిఫెన్స్ నడిచింది. అక్కడ ఒకరు వదిలేసింది పక్కవారి నెత్తిన పడేది. లీక్ చేసినవారిని తిట్టడమన్న అలవాటు కూడా బహుశా ఈ జాతి ఆటలంత పాతదే.

2011 నాటి డంజన్ డిఫెండర్స్‌లో లెక్క ఇంకా ఇరుకు. నలుగురి దాకా కలిసి ఆడొచ్చు. కానీ మ్యాప్ మీద పెట్టగల రక్షణలన్నిటికీ కలిపి ఒకే పరిమితి. కొత్తవారు పనికిరాని చోట ఒక టవర్ పెట్టారంటే సీనియర్ వాటా కూడా తగ్గినట్టే. అందుకే అక్కడ కొత్తవారిని ‘ఏమీ కట్టకు, హీరోతో కొట్టు చాలు’ అనడం తేలికగా అలవాటవుతుంది. హీరోను పరిగెత్తించి శత్రువులను కొట్టే ఆట కాబట్టి కొత్తవారికి విసుగు కూడా రాదు. వందసార్లు ఆడాక కూడా కట్టడం మాత్రం రాదు. తేలిక మ్యాపుల్లో ఒక దారిని, కొంత పరిమితినీ పూర్తిగా వాళ్లకే వదిలేయడం తప్ప దీనికి వేరే మార్గం కనబడదు.

తేలిక అంటే మరీ తేలిక కూడా పనికిరాదు. బ్లూన్స్‌లో ఈజీ 40 రౌండ్లతో అయిపోతుంది. గాలి ఓడలాంటి మోయాబ్ మొదట కనబడేది సరిగ్గా 40లోనే. అంటే ఈజీ మాత్రమే ఆడేవారికి మోయాబ్ అంటే ఆఖర్లో ఒక్కసారి కనబడే తమాషా. దాని కోసం ముందునుంచి డబ్బు దాచుకోవాలని, దాన్ని దాటాక ఇంకా ఇరవై రౌండ్లుంటాయని తెలియదు. మీడియం 60 దాకా పోతుంది. అక్కడ 42లోనో 45లోనో ఓడిపోవడం కొత్తవారికి ఈజీలో పది గెలుపులకంటే ఎక్కువ ఇస్తుంది, ఓడాక ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూస్తే.

వెనక్కి చూడటంలో కూడా కిటుకుంది. ఓడిన రౌండు గురించే అందరూ మాట్లాడతారు: ‘అయ్యో, ఆఖర్లో ఇంకో టవర్ పెట్టుంటే!’ పెట్టడానికి డబ్బేది? సాధారణంగా ఓడేది ఒక రౌండులో, తప్పు జరిగేది అంతకు పది రౌండ్ల ముందు. సిరామిక్ బెలూన్లు గుంపులుగా ముంచెత్తి ఓడిపోయారనుకోండి. ఒక్కో సిరామిక్ పెంకు పగలడానికే పది దెబ్బలు కావాలి. అన్ని దెబ్బలు వేసే ఏర్పాటు రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. అందుకని ‘ఎక్కడ ఓడాం’ అని కాకుండా ‘మొదటి లీక్ ఎప్పుడు, ఏ రంగుది’ అని అడగాలి. అది గుర్తు లేకపోతే అప్పుడు చూడలేదన్నమాట. తర్వాతి ఆటలో చూస్తారు. ఒక్క టవర్ గురించి వాదన తెగకపోతే శాండ్‌బాక్స్ ఉండనే ఉంది. డబ్బు గొడవ లేదు, ఏ బెలూన్ కావాలంటే అది వదిలి పరీక్షించుకోవచ్చు.

నేర్పడం ఎప్పటికి పూర్తయినట్టో పట్టుకోవడానికి గెలుపోటములు పనికిరావని మొదట్లోనే తేలింది. లాబీలో వినబడే మాటలు పనికొస్తాయి. మొదటి ఆటల్లో కొత్తవారు ‘ఏం కొనాలి?’ అంటారు. కొన్నాళ్లకు అది ‘ఇది కొననా?’ అవుతుంది. ఒకరోజు 25వ రౌండు అవుతుండగా సీనియర్ వేరే మూల ఏదో అప్‌గ్రేడ్ చూసుకుంటూ ఉంటారు. అప్పుడు చాట్‌లో ఓ చిన్న మాట పడుతుంది: ‘లెడ్‌కు బాంబు నేను పెడుతున్నా, నువ్వు పెట్టకు.’